తెల్లోడి మొప్పల రంగు

2011 జూన్‌లో నన్ను శంషాబాద్ దగ్గరి ఒక పశువుల దవాఖానకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. మా శాఖలో డాక్టరుకు అది మొదటి మెట్టు. నేను పదిహేడేళ్లుగా ఆ మెట్టు మీదే ఉన్నాను, అందుకని నోరు కాస్త దురుసుగానే ఉండేది. గేదెలు, మేకలు, చుట్టుపక్కల కోళ్ల ఫారాలు, ఇంతే పని అనుకున్నాను.

జూలై ఆఖర్లో కొత్వాల్‌గూడ నుంచి దానియేలు అనే అతను వచ్చాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. ఇంట్లో పెంచుకుంటున్న జీవికి ఒంటి మీద నల్లమచ్చలు లేస్తున్నాయని సెల్‌ఫోనులో ఫొటో చూపించాడు. ఆక్సొలాటిల్! చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ చూశానంతే. మెక్సికో సరస్సుల జీవి, కప్పలకు దగ్గరి చుట్టం. జానెడు ఒళ్లు, నాలుగు కాళ్లు, తోక. మెడకు రెండు పక్కలా మూడేసి ఎర్రటి మొప్పలు కుచ్చుల్లా బయటికే వేలాడతాయి. దానియేలు ముంబైలో పనిచేసే రోజుల్లో కొన్నాడట. పదేళ్లు దాటింది, అంటే ముసలిదే. తెల్లగా ఉంటుందని ఇంట్లో ‘తెల్లోడు’ అని పిలిచేవారు.

ఆ సాయంత్రమే చూడడానికి వెళ్లాను. తెల్లోడికి ఎండా పడదు, వెలుతురూ పడదు. అందుకని ఆ గదికి పట్టపగలు కూడా మందపాటి పరదాలు వేసి, ఏసీ నడిపేవారు. చల్లగా ఉంటుందని దానియేలు రెండు నెలల కూతురి ఊయల కూడా అక్కడే కట్టారు. విమానం దిగినప్పుడల్లా అద్దాల తొట్టిలో నీళ్లు వణికేవి, ఊయల గొలుసు సన్నగా మోగేది. తెల్లోడు మాత్రం కదలడు. కనురెప్పలు లేని కళ్లతో అలా ఊయల వైపే చూస్తుంటాడు. ఎన్నో జంతువుల కళ్లలోకి చూసినదాన్ని, దాని కళ్లలోకి ఎక్కువసేపు చూడలేకపోయాను.

దానియేలు తల్లి రూతమ్మ, స్కూల్లో ఆయాగా చేసి రిటైరైన మనిషి. కోడలు ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీకి పోతే పసిపిల్లను ఆమే చూసుకునేది. “ఏందమ్మా గిది? దీని మీద ఎవలి నీడన్నా పడ్డదా?” అని భయంభయంగా అడిగింది.

నీడా లేదు, గీడా లేదన్నాను. తెల్లరకం ఆక్సొలాటిళ్లకు వయసు మీదపడితే తల మీద, వీపు మీద నల్లరంగు కణాలు పేరుకుంటాయి. అది జబ్బు కాదు. కానీ మొప్పల కొసలు చీకిపోయి ఉన్నాయి, చర్మం పొరలు లేస్తోంది. అది నల్లా నీళ్లలోని క్లోరిన్ పని. అసలు పద్ధతి ప్రకారం ఆ నీళ్లను ఒక రోజు బకెట్లో నిలవబెట్టి, క్లోరిన్ విరిగాక పోయమనాలి. అదంతా వివరించే ఓపిక లేక, “నల్లా నీళ్లు మానేసి మీ బోరు నీళ్లు పోయండి. రంగులంటారా, వయసుకు మారతాయి, కంగారుపడకండి” అనేశాను. బోరు ఎక్కడుందో చూడలేదు. కేసు రిజిస్టరులో ‘వృద్ధాప్య మార్పులు’ అని రాసి సంతకం పెట్టాను.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం దానియేలు పరుగున వచ్చాడు. తెల్లోడు నీళ్ల పైకి తేలి గాలి మింగుతున్నాడట. మొప్పలు కాఫీ రంగుకు తిరిగి వారమైందట. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని కసిరాను.

“వయసుకు రంగు మారతది అని మీరే అన్నరు కద మేడం” అన్నాడు.

అతని బండెక్కాను. ఆ గదిలో టార్చి వేసి, ఒక మొప్ప కొసను రవ్వంత కత్తిరించాను. ఈ జీవికి అది మళ్లీ మొలుస్తుంది. నెత్తుటి బొట్టును తెల్లటి దూది మీదికి తీసుకున్నాను. చాక్లెట్ రంగు. గాలి తగిలితే ఎర్రబడాలి కదా అని చూస్తూ నిలబడ్డాను. ఎర్రబడలేదు.

ఆ రంగు నాకు కొత్త కాదు. పాత ఊళ్లో వానలు లేక వాడిన జొన్నచొప్ప మేసి రెండు గేదెలు నా కళ్లముందే పడిపోయాయి, వాటి నెత్తురూ ఇదే రంగు. నైట్రేట్ విషం. అది నెత్తుటిని పట్టేస్తే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఆ గాలి మాత్రం ఒంటికి అందదు. పరదా కాస్త తొలగించి చూశాను. బోరు పక్కనే, గోడవతల కోళ్ల ఫారం వాళ్ల ఎరువు కుప్ప, వానకు నాని కారుతోంది, అందులోని నైట్రేట్ నేరుగా బోరులోకే.

వెనక్కి తిరిగేసరికి టార్చి వెలుగు ఊయలలో పడింది. పిల్ల ఏడవడం లేదు. కళ్లు తెరుచుకుని నా వైపే చూస్తోంది. బుగ్గన దిష్టిచుక్క. పెదవులు పలకరంగులో ఉన్నాయి, గోళ్లూ అంతే. తొట్టిలో తెల్లోడు, ఊయలలో పిల్ల, ఇద్దరూ నోళ్లు తెరిచి గాలి పీలుస్తున్నారు. 

డబ్బాపాలు ఏ నీళ్లతో కలుపుతున్నారని అడిగాను.

“నువ్వు చెప్పిన నీళ్లే బిడ్డా” అంది రూతమ్మ, మెచ్చుకుంటాననే ఆశతో. “అంత నాజూకు పానానికే మంచివైతె పసిదానికి మంచివి గావా? ఉత్తగ పోస్తలేను, రెండుసార్లు మసలబెట్టి పోస్తున్న.”

 మరిగిస్తే క్రిములు చస్తాయి, నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పెద్దవాళ్ల ఒళ్లు దాన్ని తట్టుకుంటుంది, మూడు నెలలైనా నిండని పిల్ల తట్టుకోలేదు. ఆ ముసలామె శుభ్రత, నా సలహా కలిసి పిల్లను చంపుతున్నాయి.

పిల్లను ఎత్తుకుని ఆటోలో నగరంలోని పిల్లల దవాఖానకు పరిగెత్తాం. పశువుల డాక్టరు చెప్పేదేంటన్నట్టు చూశాడు అక్కడి కుర్ర డాక్టరు. నెత్తురు తీసి చూశాక తనే మందుకు పరిగెత్తాడు. మెథిలిన్ బ్లూ అనే నీలిమందు సూదితో ఎక్కించారు. మేం గేదెలకు వాడేదీ అదే. సాయంత్రానికి పిల్ల పెదవులు ఎర్రబడ్డాయి, గుక్కపట్టి ఏడ్చింది. ఎలా కనిపెట్టారు మేడమ్ అని ఆ డాక్టరు అడిగాడు. ఆ నీళ్లు వాడమన్నది నేనేనని చెప్పాను.

నిలవబెట్టిన నల్లా నీళ్లలో తెల్లోడి మొప్పలు కూడా మెల్లగా ఎర్రబడ్డాయి. నల్లమచ్చలు అలాగే ఉండిపోయాయి. మరుసటి వేసవి దాకా బతికాడు.

పిల్లను ఇంటికి పంపే రోజు రూతమ్మ నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది కూడా. “ఇగ ఏ నీళ్లు పోయాలె? నువ్వే చెప్పు బిడ్డా” అంది.

దవాఖానకు తిరిగొచ్చి రిజిస్టరు తీశాను. ‘వృద్ధాప్య మార్పులు’ కొట్టేసి, ‘నీటి విషం, సలహా ఇచ్చినది నేనే’ అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ గడపలోనైనా పశువు నీళ్ల గురించి నోరు తెరిచే ముందు ఒకటే అడిగేదాన్ని: ఈ నీళ్లు ఈ ఇంట్లో ఇంకెవరు తాగుతారు?