గోడల్లేని స్లాబుకు ముహూర్తం

మేస్త్రిగా నేను వంకర గోడలు చాలానే కట్టాను. గజపతినగరంలో మాత్రం ఏకంగా గోడలే లేకుండా స్లాబు వేయబోయాను. ఆ ఘనకార్యం చెబుతాను, వినండి.

కిరాణా షావుకారు సూర్నారాయణ గారికి కొత్త కొట్టు కడుతున్నాం. దీపావళికల్లా అద్దెకొట్టు ఖాళీ చేయాలి. ఆలస్యమైతే బియ్యం బస్తాలన్నీ వానలో, నడిరోడ్డు మీద. "పూచీ నాది" అని మాటిచ్చాను.

ఇంజనీరు శారద ల్యాప్‌టాప్‌లో పనులన్నీ తెలుగులో రాసి, ఒకటయ్యాకే ఇంకొకటి మొదలయ్యేలా గొలుసు వేసింది. తేదీని కదలకుండా బిగించే తాళం కూడా చూపించింది.

"దీపావళికి తప్ప దేనికీ తాళం వెయ్యకు మావయ్యా. తాళం పడితే గొలుసు మాట వినదు" అని చెప్పి, ల్యాప్‌టాప్ నాకు అప్పగించి, వేరే పని మీద విజయనగరం వెళ్లింది.

నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి. కొత్త చెప్పులు కొన్నవాడిలా నా చదువును ఊరంతా తిప్పాలని దురద. ద్వారబంధానికి ముహూర్తం చూస్తాం కదా, మిగతా పనులేం పాపం చేశాయి? పంతులు గారి దగ్గరకు పరుగెత్తాను.

"వచ్చేది భాద్రపదం మేస్త్రీ. మంచిరోజులన్నీ శ్రావణంలోనే."

"అన్నీ అందులోనే సర్దెయ్యండి!"

సర్దేశారు. నేను ప్రతి తేదీకీ తాళం బిగించాను. తెరంతా ఎర్రగీతలు! పనులు తారుమారయ్యాయని హెచ్చరికలట అవి; నేను కుంకుమ బొట్లనుకుని మురిసిపోయాను.

స్లాబు ముహూర్తం నాడు పొద్దున్నే మిక్సరుతో ముప్పై మంది దిగారు. ముఠా మేస్త్రి పైడమ్మ నడుం మీద చేతులు పెట్టింది.

"ఏటి బావా, గోడలేవి? సిమెంటు గాల్లో పోసీమంటావేటి?"

"కంప్యూటర్లో ఇయ్యాలే ఉన్నాది!"

"అయితే కంప్యూటర్లోనే పోసీ!"

ఇంతలో స్లాబు పనివాళ్లకు పెట్టే భోజనంతో, గంగాళం పులిహోరతో షావుకారు వచ్చారు. పునాది చూసి నీరుగారిపోయారు.

"బేస్మట్టంలో మట్టే పడనేదు, స్లాబేటి మేస్త్రీ? నా బస్తాలేటి సేసుకోను?"

మట్టి నింపడానికి ముహూర్తం ఆ మర్నాడు పడింది మరి!

ఫోను చేస్తే శారద ఆటోలో వచ్చింది. దీపావళి ఒక్కటీ ఉంచి తాళాలన్నీ ఊడదీసింది. ముహూర్తాల కోసం ఆగిన రోజులు కలిపి లెక్క చూస్తే పని పండగ దాటి మూడు రోజులకు తేలింది. షావుకారు అక్కడే ఇటుకల మీద కూలబడ్డారు.

"ఈ ముప్పై మందీ ఇవాళ మట్టి వేస్తే?" అంది శారద.

"పులిహోర తినీసి ఊరికే పోతామేటి? తట్టలియ్యి!" అంది పైడమ్మ.

అయిదు రోజుల మట్టిపని పొద్దుగూకేలోగా అయిపోయింది. శారద అది ల్యాప్‌టాప్‌లో ఎక్కించగానే ఆఖరి తేదీ పండగకు ఒకరోజు ఇవతలకొచ్చి కూర్చుంది. బస్తాలు తడవలేదు.

కొత్త కొట్టు తెరిచిన నాడు షావుకారు అందరితో, "మా మేస్త్రిది ఏం ముందుసూపు! స్లాబోళ్లని పిలిసి మట్టిపని సేయించీసినాడు!" అన్నారు. నేను సిగ్గు లేకుండా దండం పెట్టాను. శారద నా వైపు చూసింది. నేను బస్తాల వైపు చూశాను.

ఇకపై మట్టితట్టకు ముహూర్తం అడగనని అందరి ఎదుటా ఒట్టు వేస్తున్నాను. ఒట్టుకు ఇవాళ దివ్యంగా ఉందని పంతులు గారు చెప్పారు.