నీరడి కేక, నా రుజువులు

ఈ సంగతి రాసిపెట్టాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. ఈ మధ్య కామారెడ్డి గ్రంథాలయంలో తత్త్వశాస్త్రం చదివే విద్యార్థులు ఇద్దరు నా ఎదురుగా కూర్చుని పరీక్షకు బట్టీ పట్టడం విన్నాను. నమ్మకం ఉండాలి, ఆ నమ్మకం నిజం కావాలి, దానికి తగిన ఆధారం ఉండాలి, ఈ మూడూ కలిస్తేనే జ్ఞానం అని ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. ఉదాహరణ ఏమిటంటే, గదిలో కుర్చీ. ఉన్న కుర్చీని ఉందని తెలుసుకోవడం. నాకు కూర్చోబుద్ధి కాలేదు. బయటికి వచ్చి మెట్ల మీద అటూ ఇటూ తిరిగాను. కుర్చీ గురించి పొరబడితే ఎవరి ఇంట్లోనూ గింజలు తగ్గవు. మా ఇంట్లో తగ్గాయి. ఆ పిల్లలకు మన దిక్కు ఉదాహరణ ఒకటి ఉండాలని ఇది రాస్తున్నాను.

నేను కాలేజీ గుమ్మం ఎక్కలేదు. పదో తరగతి లెక్కల్లో తప్పాను. కానీ ఆ గ్రంథాలయంలో తత్త్వశాస్త్రం బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివినవాడిని నేనొక్కడినేనని అక్కడి లైబ్రేరియన్ నలుగురి ముందు అనేవాడు. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటాను. ఎనభైల నడుమ మాట ఇది. ప్రతి శనివారం ఎల్లారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డి వెళ్లి పుస్తకాలు మార్చుకొచ్చేవాణ్ని. ఆ ఎండాకాలంలో జ్ఞానమీమాంస మీద ఒక పాత తెలుగు పుస్తకం చేతికి దొరికింది. అట్ట ఊడిపోయింది, ముందు పేజీలు లేవు. దాన్ని రెండుసార్లు చదివాక నాకు నిద్ర కూడా సరిగా పట్టలేదు. ఎవరు ఏ మాటన్నా నోట్లోంచి ఒకటే వచ్చేది: "నీకెట్ల తెలుసు?"

మా అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లు ఒడిలో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవారు. వాళ్లకు నేను మంచి కాలక్షేపం అయ్యాను.

"ఓ సారూ," అంది వాళ్లలో పెద్దామె, "మీ అవ్వనే నిన్ను కన్నదని నీకెట్ల తెలుసు?"

"అవ్వ చెప్పింది" అన్నాను.

"చెప్తె నమ్ముతవా? చూసినవా నువ్వు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె ఆకు కత్తిరిస్తూనే అంది: "నేను చూసిన తియ్యి బిడ్డా. మంత్రసాని రాకముందే పుట్టినవ్. అప్పుడు గూడ గిట్లనే లొల్లి వెట్టినవ్, ఎవ్వలు చెప్పినా ఊకోలే."

అందరూ నవ్వారు, లోపలినుంచి మా అవ్వ కూడా. ఒకరి మాట మీద ఆధారపడకుండా మనిషికి తన పుట్టుక కూడా తెలియదన్న పాఠం ఆ నవ్వులోనే ఉంది. నేను మాత్రం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లి పుస్తకం తెరిచాను.

ఆ ఏడు మిరుగు, అంటే మృగశిర కార్తె, చినుకు లేకుండా ఎండిపోయింది. మాది పోచారం ప్రాజెక్టు కాలువ కింద, చివరన ఉన్న పొలం. బావి లేదు. పక్క పొలం ఊరంతా చాచా అని పిలిచే పెద్దాయనది. ఆయన మోటరు నీళ్లతో మా నారుమడి ఒక్కటి పచ్చగా ఉంది. కాలువ వస్తే నాటు వేయాలి. రాకపోతే మక్క, అదే మొక్కజొన్న, పెట్టాలి. పునర్వసు కార్తె దాటితే మక్క పెట్టినా కంకి పట్టదు. ఆ ఏటి తిండి ఆ రెండింటిలో ఏదో ఒకదాని మీద ఉంది. మా నాన్న, బాపు, రోజుకు నాలుగుసార్లు వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసేవాడు.

ఒకరోజు పొద్దున్నే నీరడి వీధి వెంట వచ్చాడు. కాలువ నీళ్లు పొలాలకు పంచే మనిషి ఆయన, ఆయన తండ్రీ తాతా చేసిన పనే. భుజాన పార వేసుకుని కేకేస్తున్నాడు: "నీళ్లొస్తున్నయి, కాలువకు రాండ్రి!" ఆ కేక వినగానే ఇంటికొకరు పార పట్టుకుని వెళ్లి కాలువలో ఎవరి వంతు వాళ్లు పూడిక తీయాలి. బాపు పార అందుకున్నాడు. నేను గడపలో అడ్డం నిలబడ్డాను.

"బాపూ, నీళ్లొస్తయని ఆయనకెట్ల తెలుసు?"

"ఆయన నీరడి."

"అయితె? పోచారం పోయి చూసిండా? ఎవరన్న చెప్పిన్రా?"

బాపు పార గోడకు ఆనించాడు. "నువ్వు చూసిరా పో మరి."

నాకు కావాల్సింది అదే. సైకిల్ మీద ఎక్కడా ఆగకుండా పోచారం కట్ట దాకా తొక్కాను. నీళ్లు అలుగు పారే మత్తడికి చాలా కిందున్నాయి. పాత నీటి మరక రాతి మీద నా తలకంటే ఎత్తులో తెల్లగా ఉంది. తూము మూసి ఉంది. దాన్ని తెరిచి మూసే లష్కర్ అక్కడ తువ్వాలు పరచుకుని కూర్చున్నాడు.

"నీళ్లు ఇడుస్తున్నరా అన్నా?"

"నీళ్లా? కట్ట మీద కూసోని ఏడ్వు, కొన్ని పెరుగుతయి."

"మా ఊర్ల ఒస్తున్నయంటున్నరు."

"మీ ఊరోళ్లు ఇడుస్తరేమో. నాకైతె ఆర్డర్ రాలే."

ఆకాశంలో మబ్బు తునక లేదు. కంటితో చూశాను, తూము తెరిచే మనిషినే అడిగాను, మబ్బును బట్టి ఊహించాను. పుస్తకంలో చెప్పిన దారులన్నీ నావైపే ఉన్నాయి. తిరిగి వచ్చి కొట్టంలో నిలబడి ఇవన్నీ బాపుకు వరుసగా వివరించాను.

"రెండు దినాలు ఆగరాదు?" అంది అవ్వ.

"ఆగితె కార్తె దాటుతది" అన్నాను.

బాపు బర్రె మెడ నిమురుతూ విన్నాడు. "చూసొచ్చినోడివి, సదివినోడివి. నీ మాట మీదనే పోదాం" అన్నాడు. మా వంతు కాలువ తవ్వలేదు. మర్నాడు చాచా మోటరు నీళ్లతో ఒక తడి ఇచ్చి మక్క పెట్టాం. నారు కోసి బర్రెలకు వేశాం.

నాలుగో రోజు మెదక్ దిక్కున పైనెక్కడో కుండపోత వాన పడింది. ఎనిమిదో రోజున కాలువ వచ్చింది. అందరూ తవ్విన చోట నీళ్లు సాఫీగా పారాయి. తవ్వని మా వంతు దగ్గర పూడిక అడ్డుపడి, గట్టు మీదినుంచి పొర్లి, రెండాకులు వేసిన మక్కలోకి దిగాయి. సాయంత్రానికి చేను మడుగయింది. నేను మోకాలి లోతు బురదలో నిలబడి ఉంటే నీరడి వచ్చి మా వంతు పూడిక తను తీయడం మొదలుపెట్టాడు.

ఉండబట్టలేక అడిగాను: "కాకా, నిజం చెప్పు. నీకెట్ల తెలిసింది?"

"ఏంది తెలిసేది? నాకేం తెల్వదు."

"ఒస్తున్నయని అరిసినవ్ గదా!"

"ఏటా అరుస్త. కాలువ సాఫ్ చెయ్యుండ్రి అంటె ఒక్కడు గూడ మంచం దిగడు. ఒస్తున్నయంటె ఉరుకుతరు. పోయినేడు గూడ అరిసిన, చుక్క రాలే. ఎవడన్న నన్ను అడిగిండా?"

గట్టు మీద కూర్చున్న బాపు వైపు తిరిగాను. "ఆయనకు తెల్వదట బాపూ!"

"ఊరందరికి తెలుసు ఆ ముచ్చట" అన్నాడు బాపు.

"మరి నాకు చెప్పకపోతివి?"

"నువ్వు ఆయనకు తెలుసా అని అడిగినవ్. కాలువ ఎందుకు తవ్వుతరు అని అడగలే." కాలి బురద గీకుతూ అన్నాడు: "సదువుకున్నోడివి, మాకు తెల్వనిది నీకేమన్న తెలిసిందేమో అనుకున్న."

ఆ శనివారం పుస్తకాల కోసం కాదు, ఆ ఒక్క పుస్తకంతో తగువు తేల్చుకోవడానికి కామారెడ్డి వెళ్లాను. అందులో ఒకచోట ఉంది: ఆధారం లేని నమ్మకం కాకతాళీయంగా నిజమైనా అది జ్ఞానం కాదు. చదివి ఒక్క నిమిషం సంబరపడ్డాను. నీరడికి తెలియదు, సరే. మరి నాకు? నేను చూసింది నిజమే, లష్కర్ అన్నదీ నిజమే. ఆ రోజు నిజాన్ని తర్వాతి వారం మీదికి నేనే సాగదీశాను. వచ్చేటప్పుడు తాడ్వాయి దాటాక రోడ్డుకు రెండు వైపులా ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. సీటులో కూర్చోలేక లింగంపేట దాకా నిలబడే వచ్చాను. తెలియనప్పుడు ఏం చేయాలో ఊరికి తెలుసు. వచ్చినా రాకపోయినా కాలువ తవ్వి ఉంచుతారు. దాన్ని జ్ఞానం అనవచ్చా అని ఆ పుస్తకంలో వెతికాను, తర్వాత బీరువా అంతా వెతికాను. విద్యార్థులకు ఎక్కడన్నా కనిపిస్తే నాకు చెప్పాలి.

తర్వాతి సోమవారం చాచా మా గడప ముందుకు వచ్చాడు. "అరే, నారు బర్రెలకు మేపినవట గదా, పెద్ద నవాబువి! నాది మిగిలింది, తీస్కపోండ్రి."

ముదిరిన నారు అది. సగం పొలానికి సరిపోయింది. బీడీలు పక్కన పెట్టి అరుగు మీది ఆడవాళ్లు మూడు రోజులు వచ్చి నాటు వేశారు. మిగతా సగం బీడు పడింది. ఎండాకాలం దాకా తినడానికి వడ్లు వచ్చాయి.

పేర్లు రాయడం వాళ్లకు ఇష్టం లేదు కాబట్టి ఎవరెవరో వాళ్లకు తెలిసేలా చెబుతాను. అట్ట లేని పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కించకుండానే నాకిచ్చిన లైబ్రేరియన్‌కు, మా వంతు పూడిక తీసిన నీరడికి, నారిచ్చిన చాచాకు, వంగిన నడుముతో ముదురు నారును తిట్టుకుంటూ నాటిన ఐదుగురు ఆడవాళ్లకు, ఆ ఏడు తన కంచంలో తగ్గించుకుని నాకు పెట్టిన అవ్వకు కృతజ్ఞతలు. బాపుకు చెప్పే అవకాశం ఉండగా చెప్పలేదు. మరుసటి ఏడు కూడా పొలం సంగతి ఆయన నన్నే అడిగాడు.