పచ్చదీపం, ఆనపకాయ కూర

శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనొక్కదాన్నే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. కాదని చెప్పడం కూడా కోపంగానే మొదలుపెడతాను. చేరిన కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నా బల్ల మీది తెర చూపించేదాన్ని. ఐదు నిమిషాలకోసారి ఒక ప్రోగ్రాం ప్రతి సర్వర్‌నీ "ఉన్నావా?" అని పలకరిస్తుంది. "ఉన్నాను" అంటే పచ్చదీపం, పలక్కపోతే ఎర్రదీపం. ఆ పచ్చదీపాల వరసంటే నాకు భలే గర్వం.

వాటిలో ముఖ్యమైనది డయాలసిస్ విభాగం సర్వర్. ఎవరు ఎన్ని గంటలకు రావాలో ముందురోజే వాళ్ల ఫోన్‌కి మెసేజ్ పంపేది, వచ్చాక కౌంటర్లో చీటీ ఇచ్చేది అదే. అది లేని రోజుల్లో హెడ్ నర్సు పెద్ద నోటుపుస్తకంలో వచ్చినవాళ్లను వచ్చిన వరసలో రాసుకునేవారు. పల్లెలవాళ్లు ముందు చోటు కోసం తొలి బస్సెక్కి వచ్చి, మధ్యాహ్నం దాకా బెంచీల మీద కూర్చునేవారు.

ఒక గురువారం పొద్దున హెడ్ నర్సు నా గది తలుపు తోసుకుని వచ్చారు.

"సీటీలు రావట్లేదు. ఏటి సేస్తన్నావు నువ్వు?"

తెర చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. "సర్వర్ బాగానే ఉంది. మీ ప్రింటర్లో కాగితం ఉందో లేదో చూసుకోండి" అని ఒంటికాలి మీద లేచాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయారు. బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి. జీడితోటల వైపు నుంచి వచ్చే ఒక ముసలాయన, ఉబ్బిన కాళ్లకు చెప్పులు పట్టక, వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, నేనేమీ అడక్కుండానే, "బాగానే ఉన్నానమ్మా" అన్నాడు. ఆ రెండు ముక్కలకే ఆయాసం వచ్చింది.

సర్వర్ నిజంగానే బతికి ఉంది. దాని లోపల చీటీలిచ్చే ప్రోగ్రాం మాత్రం ఎప్పుడో బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ నడిపిస్తే చీటీలు వచ్చాయి గానీ, అప్పటికే రెండు గంటలు పోయాయి. నేతిబీరకాయలో ఎంత నెయ్యి ఉంటుందో నా పచ్చదీపంలో అంత నిజముంది.

"సోమారం నుంచి నా పుస్తకం నాదే. నీ దీపాలు నువ్వే ఎలిగించుకో" అన్నారావిడ.

అంటే ఆ ముసలాయన మళ్లీ తొలి బస్సెక్కాలి. అది నా వల్లే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

మధ్యాహ్నం రోజూలాగే గరివిడి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఏటి కూరొండావు?"

"బాగున్నానమ్మా, ఇక పెట్టెయ్."

"బాగున్నావా అని నానడిగానేటి? కూరేటని అడిగాను."

"ఎప్పుడూ ఆ కూర గొడవేంటే నీకు?" అని అరిచాను.

"పక్కింటి పిన్నిని మరిసిపోనావేటి? ఎప్పుడు పలకరించినా బాగున్నానమ్మా అనేది. నాలుగు రోజులై పొయ్యి ఎలిగించలేదని, కూరేటని అడిగినాకే తెలిసినాది."

మరిచిపోలేదు. అప్పటినుంచే అమ్మ ఆదివారం చర్చి గుమ్మంలో కూడా అందర్నీ కూరే అడుగుతుంది. నేను నవ్వేదాన్ని. బాగున్నానని ఎవరైనా అనేస్తారు. కూర పేరు చెప్పాలంటే పొయ్యి వెలిగించి ఉండాలి. నేను సర్వర్‌ని అడగాల్సింది కూడా అదే కదా!

ఆ పూటే కూర్చుని తనిఖీ మార్చాను. అమ్మ పేరుతో ఒక ఉత్తుత్తి రోగిని సృష్టించి, ఐదు నిమిషాలకోసారి ఆవిడ చీటీ అడగమని ఆ పలకరించే ప్రోగ్రాంకి చెప్పాను. పేరూ టైమూ సరిగ్గా వస్తేనే పచ్చ, లేకపోతే ఎరుపు.

మర్నాడు పొద్దున హాల్లోంచి మా అమ్మ పేరు గట్టిగా వినబడింది. పరుగెత్తాను. హెడ్ నర్సు చేతినిండా చీటీలతో నిలబడి ఉన్నారు.

"ఎవులే ఈవిడ? ఎంత పిలిసినా పలకదు, ఐదు నిమిషాలకో సీటీ వస్తాది!"

చీటీ అడగమన్నాను గానీ అచ్చు వెయ్యొద్దని చెప్పడం మరిచాను. తప్పు ఒప్పుకుని కూర సంగతంతా చెప్పాను. బెంచీల మీదివాళ్లు పడీ పడీ నవ్వారు. ఆవిడ మాత్రం చీటీలన్నీ చించి, "సోమారానికి పుస్తకంలో గీతలు గీసి ఉంచినాను" అని వెళ్లిపోయారు. వెంటనే అచ్చు ఆపించాను. మెసేజులు ఆపమని ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సోమవారం పెందలాడే వచ్చాను. కౌంటర్ మీద నోటుపుస్తకం తెరిచి ఉంది. రోగులింకా రాలేదు. నేను కుర్చీలో కూర్చుంటుండగానే అమ్మ పేరు పక్కన ఎర్రదీపం వెలిగింది. ప్రోగ్రాం మళ్లీ బిగుసుకుంది. ఎర్రదీపం చూసి అంత సంతోషపడ్డది నేనొక్కదాన్నేనేమో! పది నిమిషాల్లో సరిచేశాను. ముసలాయన మెసేజ్‌లో ఉన్న టైముకే ఎండెక్కాక వచ్చాడు. హెడ్ నర్సు పుస్తకంలో పేరు రాసేలోపే వచ్చిన చీటీ తీసుకుని, బెంచీ మీద కూర్చోకుండానే నేరుగా లోపలికి వెళ్లాడు.

మధ్యాహ్నం హెడ్ నర్సు నా గుమ్మంలో ఆగారు. తిట్లకు సిద్ధపడ్డాను.

"ఏటి కూర?" అన్నారు.

బాగున్నానని చెప్పబోయి ఆగాను. "ఏమీ వండలేదండీ."

ఆవిడ తన క్యారేజీ నా బల్ల మీద పెట్టారు.

"ఆనపకాయ. తిను. పుస్తకం బీరువాలో ఎట్టేసినాను."