మావగారి గద

నిడదవోలులో గణేష్‌బాబు చేతులు ఊరికే ఉండవు. ఎవరింటికి వెళ్ళినా కిర్రుమనే తలుపుకు నూనె పెడతాడు, ఊగే కుర్చీ కాలు బిగిస్తాడు, ఇచ్చిన కాఫీ చల్లారాక తాగుతాడు. ఈసారి ఆ చేతులకు మావగారి గద దొరికింది. భీముడి వేషం కట్టి ఊరూరా పద్యాలు పాడిన ఆయన పోయాక, వీళ్ళింట్లో ఉన్న ఆ చెక్క గద ఆయన కొడుక్కి చెందింది. ఆదివారం వచ్చి జంగారెడ్డిగూడెం పట్టుకుపోతానని అతను ఫోన్ చేశాడు. అప్పట్నుంచి గణేష్‌బాబు భార్య సూర్యకళ దాన్ని రోజూ తుడుస్తోంది. అది చూసి ఉండబట్టలేక గణేష్‌బాబు, అచ్చం అలాంటిదే ఇంకొకటి ఇంట్లో పోతపోసి ఇస్తానన్నాడు.

పెరట్లో గదను అట్టపెట్టెలో పెట్టి, అచ్చు కోసం రబ్బరులా గట్టిపడే సిలికాన్ పోశాడు. అది గట్టిపడేదాకా లేస్తూ, కూర్చుంటూ, వేలితో నొక్కి చూస్తూనే ఉన్నాడు. అచ్చును రెండుగా కోసి గద తీసి, అందులో రెజిన్ నింపి, బయటికొచ్చిన దానికి బంగారు రంగు వేశాడు. సూర్యకళ కొత్త గదను పట్టుకుని, పిడి మీద బొటనవేలు అటూ ఇటూ జరిపింది. "ఏవండీ, ఇక్కడ గుంట ఉండాలి కదండీ. నాన్న పట్టుకుని పట్టుకుని అరిగిపోయిన చోటు." "అదా! బాలేదని అచ్చు తీసేముందే లప్పం పెట్టి నున్నగా చేసేశానే," అన్నాడు గర్వంగా. ఆమె పాత గద అందుకుని తడిమింది. అక్కడా నున్నగానే ఉంది. గణేష్‌బాబు దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోటితో లప్పం గీకడం మొదలుపెట్టాడు. గుంట బయటపడ్డాక తన బొటనవేలు అందులో పెట్టబోయి, ఆగి, గదను ఆమె చేతికిచ్చాడు.