నేను తిరగేసిన కుందేలు

పోయినేడాది వానాకాలం. అరసవల్లిలో మా డీటీపీ షాపుకి ఒక నాయనమ్మ, మూడో తరగతి చదివే మనవరాలు హాసినిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల రాసిన కథని చిన్న పుస్తకంగా వేసివ్వాలట.

“పిలిస్తే పలకదు, సెప్పింది ఇనదని రెండులోకి దించేస్తామంటన్నారమ్మా. ఇదయినా సూపిస్తే దీనికి బుర్రుందని టీచరమ్మ నమ్ముతాదేమో.”

నేను బడికెళ్లి చదివినదాన్ని కాను. ఇంట్లో నాన్న నేర్పిన అక్షరాలే నాకు అన్నం పెడుతున్నాయి. శ్రద్ధగానే టైపు చేశాను.

తప్పిపోయిన గుడ్డ కుందేలు నీళ్ల రాజ్యంలో పడుతుంది. అక్కడ కుడివైపు వాళ్లు మనుషుల్లా మాట్లాడతారు. ఎడమవైపు వాళ్లు చేపల్లా నోళ్లు మాత్రం ఆడిస్తారు. ఇంటికి దారి తెలిసినవాళ్లంతా ఎడమవైపే! తప్పిపోవడమంటే ఒంటరితనమనీ, నీళ్లంటే కన్నీళ్లనీ నాకు నేనే అర్థాలు చెప్పుకుని మురిసిపోయాను.

హాసిని గీసిన కుందేలుకి ఒక చెవి నీలం. బొమ్మ పేజీ లోపలికి చూస్తే అందమని ఫ్లిప్ చేశాను, అంటే అద్దంలోలా కుడి ఎడమలు మార్చేశాను. మర్నాడు ప్రూఫ్, అంటే తప్పులు దిద్దడానికి తీసే మొదటి కాపీ, చూసి పిల్ల ఏడుపు అందుకుంది.

“ఈ సెవి కాదు పిన్నీ! నీళ్లు ఆ సెవిలో ఉన్నాయి!”

“ఒసే, బొమ్మకి ఏ సెవైతే ఏటే?” నాయనమ్మ కసిరింది.

“నాకీ సెవిలోనే కదా!” అంటూ తన ఎడమ చెవి పట్టుకుంది.

కథలో ఎడమవైపు చేపల్లా నోళ్లాడించేవాళ్లు గుర్తొచ్చారు. పిల్ల కుడి చెవి గట్టిగా మూయించి, వెనక నుంచి పిలిచాను. పలకలేదు. చెయ్యి తీయించి, “చాక్లెట్ తింటావా?” అని గొణిగాను.

“రెండివ్వండి,” అంది.

నాయనమ్మ బల్ల మీద కూలబడింది. “పొగరనుకుని కొట్టేనమ్మా...”

షాపు మూసేసి ముగ్గురం ఆటోలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాం. కర్ణభేరి వెనక నీరు చేరిందట, నయమయ్యేదేనట. డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి టీచరమ్మ పిల్లని మూడులోనే ఉంచి, పక్క బెంచీలో కాకుండా తనకి ఎదురుగా కూర్చోబెట్టిందట.

మూడు నెలలకి హాసిని మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే రెండు చెవులూ మూసుకుంది. “మీ ప్రింటరు ఇంత గోల సేస్తాదేటి పిన్నీ!”

మా ఊరి దేవుడు సూర్యనారాయణమూర్తికి అక్కడే దండం పెట్టుకున్నాను. పిల్లలు రాసినదానికి అర్థాలు నేను చెప్పుకోవడం అప్పట్నుంచి మానేశాను. ఇది ఇక్కడెందుకు పెట్టావమ్మా అని ముందు వాళ్లనే అడుగుతున్నాను.