కళ్ళు దాచుకున్న కొంగలు

మొన్న మా ఇంటి గేటుకి రంగు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసన గుప్పుమంది, చేతిలో పని చేతిలోనే ఆగిపోయింది. అది మా నాన్న చొక్కా వాసన. ఎండాకాలం మధ్యాహ్నాల్లో గుంటూరు మిర్చి యార్డు ఘాటుకి తుమ్ముకుంటూ, కొట్ల బోర్డుల మీద అక్షరాలు రాసి ఇంటికొచ్చే పెయింటర్ మస్తాన్ వాసన.

మాది దూది ఏకే ఇల్లు. పత్తి తీతలయ్యాక నానమ్మ వాకిట్లో పరుపులు కుడుతుంటే, గాలికి లేచిన దూది మా జుట్టులో, కనురెప్పల మీద, అన్నం కంచంలో కూడా వాలేది. ఆవిడది ఒకటే పట్టు: ప్రాణమున్నదాని బొమ్మకి కన్ను పెట్టకూడదు, పెడితే లోకం అంతమయ్యే ఖయామత్ రోజున అల్లా పిలిచి, కన్ను పెట్టావుగా, ఇప్పుడు ప్రాణం కూడా పొయ్యమంటాడు. అందుకే నాన్న అన్నేళ్ళూ మిరపకాయలు, పత్తికాయలు, అక్షరాలతోనే నెట్టుకొచ్చాడు.

ఊళ్ళోకి ఫ్లెక్సీలు దిగి ఆ బోర్డులూ తగ్గిపోయిన రోజుల్లో, నల్లపాడు అవతల పక్షుల చెరువు గట్టున, చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం కట్టిన గదిలో రేకుల మీద పక్షుల బొమ్మలు వెయ్యమని అటవీ శాఖ వాళ్ళు ఆయన్ని పిలిచారు. నచ్చితే అక్కడే ఉద్యోగం అన్నారు. నాన్నకి అదొక్కటే దిక్కు.

గది తెరిచే ముందురోజు నన్నూ నానమ్మనీ మాత్రమే తీసుకెళ్ళి చూపించాడు. బయట చెరువంతా కొంగల గోల, రెట్టల కంపు. లోపల గోడల నిండా కునుకు తీస్తున్న పక్షులు. ఒక ఎర్రకాళ్ళ కొంగ తల మొత్తం రెక్కల్లో దాచుకుంది, గూడబాతు నీళ్ళలో తల ముంచేసింది, ఇంకోటి మాకు వీపు పెట్టి గుడ్ల మీద కూర్చుంది. నానమ్మ ప్రతి రేకు ముందూ ఆగి, కళ్ళజోడు సర్దుకుని, కన్ను కోసం వెతికి వెతికి చివరికి నవ్వేసింది.

"దొంగ వెధవా, భలే తప్పించుకున్నావురా," అంటూ పీర్ల పండక్కి చేసిన బెల్లం చోంగె రొట్టెల డబ్బా మూత తీసింది.

అప్పుడే ఆఫీసరు వచ్చాడు. "ఏంటి మస్తానూ, అన్నీ చచ్చిన కొంగల్లా ఉన్నాయి? జనం మొహాలు చూడ్డానికొస్తారయ్యా. సాయంత్రానికి కళ్ళు పెట్టు, లేకపోతే అన్నీ పీకేయిస్తా," అనేసి వెళ్ళిపోయాడు.

నాన్న నానమ్మ వైపు చూశాడు. ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. "నీ ఇష్టంరా," అని వెళ్ళి గట్టు మీద కూర్చుంది. నాన్న ఆ రెక్కల మీదే కొత్త తలలు వేసి, నల్లరంగుతో మందంగా కళ్ళు పెట్టాడు. నానమ్మ పోయేదాకా మళ్ళీ ఆయన చేత్తో మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు.

ఉద్యోగమూ రాలేదు. కొన్నాళ్ళకి ఆ గదిలోకీ ఫ్లెక్సీలే వచ్చాయి. చివరి రోజుల్లో జ్వరంలో నాన్న, "ప్రాణం ఎక్కణ్ణుంచి తేనమ్మా," అని కలవరించేవాడు. పక్కన కూర్చుని ఏడవడం తప్ప నాకేమీ చేతకాలేదు.

గేటు రంగు ఆరకముందే, నిన్న ఆ చెరువు దగ్గరికి వెళ్ళాను. నాన్న రేకులు మోటారు షెడ్డుకి కప్పుగా ఉన్నాయి. కింద నిలబడి పైకి చూశాను. తెల్లరెక్కలూ, ఎర్రకాళ్ళూ, నీళ్ళూ ఎప్పుడో పెచ్చులూడి తుప్పులో కలిసిపోయాయి. మందంగా వేసినందుకేమో, కళ్ళు మాత్రం ఉన్నాయి.