బార్లీ పోసిన ఆదివారాలు

ఆటుకి సముద్రం వెనక్కి పోయి, బురద మీద పరిచిన రాళ్ళబాట బయటపడింది. నెత్తిన బియ్యం మూటతో సునిమ్ ఆ బాట సగం దాటేసరికి, ముందు ఒక యువకుడు ఒంటికాలి మీద నిలబడి అవస్థ పడుతున్నాడు. రెండో కాలి బూటుని బురద మింగేసింది.

"లాగకండి. మడమ పక్కకి తిప్పండి, అదే వదులుతుంది."

తిప్పాడు. వదిలింది. సిగ్గుగా నవ్వాడు.

"ఈ దీవివారేనా అక్కా?"

"ఇక్కడిదాన్నే అనుకోండి."

"నేను కొత్తగా వస్తున్న పాస్టర్ని. కీహో అంటారు. గుడి పక్కన గది ఖాళీ అవుతోందన్నారు. ఇప్పుడున్న సువార్తమ్మకి పెళ్ళి కుదిరిందటగా?"

నెత్తి మీద మూట ఒక పక్కకి ఒరిగింది. సునిమ్ సర్దుకుంది.

"ఎవరితోనట?"

"అది చెప్పలేదండీ."

"నాకూ చెప్పలేదు."

హాస్యమనుకుని అతను గట్టిగా నవ్వాడు. పాపం, అతని తప్పేముంది! పక్కవాడి కంచం లాక్కునేవాడికి ఆ కంచం ఎవరిదో తెలిసే ఉంటుందని అనుకుంటాం గాని, చాలాసార్లు తెలియదు. వడ్డించినవాళ్ళకి మాత్రం తెలుస్తుంది.

ఇంటింటికీ తిరిగి సువార్త చెప్పే ఆ సువార్తమ్మ సునిమే. బైబిలు బడి వదిలిన ఏడాదే రేవుపట్నం సంఘం ఆమెని ఈ దీవికి పంపింది. కొరియా దక్షిణపు దీవుల్లో చేపలవాళ్ళకి దేవుళ్ళ కొరత ఎప్పుడూ లేదు. గాలికొకరు, వలకొకరు, మునిగిపోయినవాళ్ళకొకరు. కొత్త దేవుణ్ణి మోసుకొచ్చిన ఆడపిల్ల మీద పిల్లలు ఆల్చిప్పలు విసిరారు. రేవులో మగవాళ్ళు ఆటపట్టించారు. "ఏమ్మాయ్, మీ దేవుడికి చేపల్ని వలలోకి తోలడం వచ్చా?" అని ఒకడంటే, "తోలాడు. వల చిరిగేంత తోలాడు. నీ వల గట్టిదేనా?" అంది సునిమ్. ఆ రోజునుంచి ఆల్చిప్పలు కాస్త తగ్గాయి.

మొదట తలుపు తీసింది ఉప్పుమళ్ళలో పనిచేసే కుల్లి అవ్వ. మొగుణ్ణి, కొడుకుని ఒకే గాలివాన తీసుకుపోయింది. సునిమ్ ఆమె పక్కన నిలబడి ఉప్పు లాగింది, ఆ ఉప్పు మీదే వేలితో అక్షరాలు దిద్దించింది. తన పేరు తాను మొదటిసారి చదువుకున్న రోజున అవ్వ వంగి చూసి, "ఇదా నేను? ఇంతేనా ఉన్నాను?" అంది. జీతం ఎంతని ఎవరైనా అడిగితే సునిమ్ ఈ మాటే చెప్పేది.

అవ్వ వెనక ఇంకో ఇల్లు, ఆ వెనక ఇంకోటి. రాళ్ళు మోసి గుడి కట్టారు. పాత ఓడ తుక్కులో దొరికిన ఇనప గొట్టాన్ని గంటగా వేలాడదీశారు.

వండేముందు ఒక చెంచాడు బియ్యం తీసి దేవుడి సంచిలో పోయడం అక్కడి క్రైస్తవ ఆడవాళ్ళ అలవాటు. ఇంట్లో తినేది బార్లీ అయినా సంచిలోకి తెల్లబియ్యమే పోస్తారు. ఆదివారం ఆ సంచులన్నీ గుడి కుండలో గుమ్మరిస్తారు. సువార్తమ్మ కడుపు నిండేది దానితోనే. ఈ మధ్య కొన్ని ఆదివారాలుగా ఆ కుండలో బార్లీ పడుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. ఊళ్ళో బియ్యం నిండుకుందనుకుంది సునిమ్. పైకి చెప్పుకోలేక నలుగుతున్నారని ఒక్కో ఇంటి పేరు చెప్పి ప్రార్థన చేసింది. ఆఖరికి పట్నం వెళ్ళి సంఘపెద్దని చెయ్యి చాచి అడిగింది. ఎంగిలి చేత్తో కాకిని తోలని ఆ మనిషి, మారుమాట లేకుండా ఈ మూటెడు బియ్యం ఇప్పించాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు. దేవుడు అతని మనసు మెత్తబరిచాడనుకుంది.

ఒడ్డెక్కాక కీహోకి గుడి దారి చూపించి, తను కుల్లి అవ్వ ఇంటికి నడిచింది. ఈ సంగతి ఎవరికి తెలిసినా అవ్వకి తెలిసి ఉండకూడదు. సునిమ్‌కి కావలసింది అంతే.

వంటింట్లో ఆవిరి కమ్ముకుని ఉంది. అవ్వ బియ్యప్పిండి రొట్టెలు ఉడకబెడుతోంది. పక్కన పెద్ద జాడీ, మూతి దాకా తెల్లబియ్యం.

"వచ్చావా తల్లీ," అంది అవ్వ. జాడీ మీద మూత పెట్టబోయి, ఆగిపోయింది.

"ఇవి ఎవరివి అవ్వా?"

"అందరివీను. కొత్తాయనకి పెళ్ళామూ బిడ్డా ఉన్నారట కదమ్మా. పాస్టరింట్లో బార్లీ వండితే ఊరి పరువు పోదూ? అందుకని పక్కకి తీసి దాచాం."

"నాకు?"

"ఒంటిదానివి. నీకేం, బార్లీ తిన్నా సరిపోతుందనీ..." అవ్వ పొయ్యిలోకి చూస్తూ పుల్లలు ఎగదోసింది. "బాప్తిస్మం ఇవ్వాలంటే నువ్వు పనికిరావు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవాలన్నా పట్నం నుంచి మగమనిషి రావాలి. మగదిక్కు లేని గుడి అని పక్క దీవివాళ్ళు ఎగతాళి. పాస్టర్ని పంపమని పెద్దలు పట్నం వెళ్ళి అడిగారు. సంఘం పెరగాలని ప్రార్థించమంది నువ్వే కదమ్మా!"

"పెళ్ళని చెప్పిందెవరు?"

"ఏదో ఒకటి చెప్పాలి కదా, మర్యాదగా ఉంటుందనీ..."

"నాతో ఒక్క మాట అనలేకపోయారా అవ్వా?"

"పట్నంవాళ్ళు చెప్తారనుకున్నాం తల్లీ. వాళ్ళేమో మేం చెప్పామనుకున్నారేమో." అవ్వ కళ్ళు తుడుచుకుంది. పొగకో, మరెందుకో. "నిన్ను వెళ్ళమని ఎవరన్నారు? నా దగ్గరుండు. ఉప్పు లాగుదువుగాని."

సునిమ్ నెత్తి మీది మూట దించి గడప పక్కన పెట్టింది. అప్పటిదాకా అది నెత్తి మీదే ఉందన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

గుడి దగ్గర గంట మోగింది. ఇల్లు తగలబడుతున్నట్టు టంగుటంగుమని దబాయించి కొడుతున్నాడు కీహో. ఆ గొట్టాన్ని ఒకసారి కొట్టి, మోత ఆగేదాకా ఊరుకోవాలి. ఎవరైనా చెప్తారులే.

అవ్వ రొట్టె ఒకటి ఆకులో పెట్టి ఇవ్వబోతూ, వంగి మూట ముడి విప్పింది. "అబ్బ, తెల్లబియ్యమే! ఎవరికి మోసుకొచ్చావమ్మా ఇదంతా?"

తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

పోటు మొదలైంది. రాళ్ళబాట అంచుల్ని నీళ్ళు నాకుతున్నాయి. సునిమ్ చెప్పులు చేతిలోకి తీసుకుని అవతలి ఒడ్డు వైపు దిగింది. వెనక నుంచి అవ్వ పిలుస్తూనే ఉంది, గంట మోగుతూనే ఉంది. ఆమె ఏ రాయి మీదా ఆగలేదు.